డేటా తప్పైతే దిద్దేదెవరు? పెద్ద సంస్థల్లో డేటా పాలన ఎక్కడ తడబడుతోంది

సంక్షిప్తంగా: పెద్ద సంస్థల్లో సమాచారం చెడిపోవడానికి సాఫ్ట్‌వేర్ లోపాల కంటే బాధ్యత ఎవరిదో తేలకపోవడమే పెద్ద కారణం. అంతర్జాతీయ బ్యాంకులు 2008 ఆర్థిక సంక్షోభంలో ఈ సంగతి తెలుసుకున్నాయి, అయినా చాలావరకు ఇంకా సరిదిద్దుకోలేదు. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి, వివిధ శాఖల రికార్డులను పోల్చే సమగ్ర వేదిక అనుభవాలు కూడా అదే చెబుతున్నాయి. మార్పులు చేసే అధికారాన్ని బిగించినంత మాత్రాన డేటా శుభ్రపడదు. తప్పును సరిదిద్దడానికి గడువు, జవాబుదారీ, అప్పీలు ఉండాలి. కొత్త డేటా రక్షణ చట్టం ఈ దిశగా కొంత దూరమే వెళ్లింది.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలను కేంద్రం 2025 నవంబరులో నోటిఫై చేసింది. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. చట్టం వచ్చినప్పటి నుంచి సాగుతున్న చర్చ అంతా సమ్మతి నోటీసు ఎలా ఉండాలి, డేటా లీకైతే ఏం చేయాలి, జరిమానా ఎంత అన్న వాటి చుట్టూనే తిరుగుతోంది. రూ.250 కోట్ల వరకు జరిమానా అన్న అంకె అందరికీ తెలిసిపోయింది.

అదే చట్టంలో 8వ సెక్షన్ మూడో ఉపవిభాగాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఒక వ్యక్తి డేటా ఆధారంగా ఆ వ్యక్తి మీద ప్రభావం చూపే నిర్ణయం తీసుకునేటప్పుడు, లేదా ఆ డేటాను మరో సంస్థకు ఇచ్చేటప్పుడు, అది సరైనదిగా, సంపూర్ణంగా, పొంతన కుదిరేలా ఉండేట్లు చూసే బాధ్యత సంస్థదే అని అది చెబుతోంది. దాచిపెట్టడం ఒక పని, సరిగ్గా ఉంచడం ఇంకో పని. ఈ రెండో పని పెద్ద సంస్థలకు ఎంత కష్టమో గత పదిహేనేళ్ల అనుభవం చూపిస్తోంది.

## నిర్వహణ వేరు, పాలన వేరు

సర్వర్లు కొనడం, డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం, బ్యాకప్ తీయడం, పాస్‌వర్డులు పెట్టడం డేటా నిర్వహణ కిందికి వస్తాయి. ఐటీ విభాగం చూసుకునే పని ఇది. డేటా పాలన దానికి పైమెట్టు. ఏ అంశానికి ఏది నిర్వచనం, ఏ వ్యవస్థలో ఉన్న విలువను అసలుగా తీసుకోవాలి, దాన్ని మార్చే అధికారం ఎవరికి, మార్చితే కారణం ఎక్కడ నమోదు కావాలి, తప్పని తేలితే ఎవరు జవాబు చెప్పాలి అన్నవి పాలన ప్రశ్నలు. ఇవి సాంకేతికమైనవి కావు. సంస్థలో ఎవరి మాట చెల్లుతుంది అన్న విషయంతో ముడిపడినవి. అందుకే చాలాచోట్ల వీటిని తేల్చకుండానే సాఫ్ట్‌వేర్ కొనేస్తారు.

ఒక బ్యాంకును తీసుకుంటే, ‘మనకు ఖాతాదారులు ఎంతమంది’ అన్న మామూలు ప్రశ్నకే విభాగానికో జవాబు వస్తుంది. పొదుపు ఖాతాల విభాగం ఖాతాలను లెక్కిస్తుంది. అప్పుల విభాగం రుణ ఒప్పందాలను, కార్డుల విభాగం కార్డులను లెక్కిస్తాయి. ఒకే మనిషికి మూడూ ఉండవచ్చు. రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతాను లెక్కలో ఉంచాలా, చనిపోయిన ఖాతాదారు నామినీ ఎవరి కిందికి వస్తారు అన్నవి ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిన విషయాలు. ఏ విభాగం జవాబూ దాని సొంత అవసరం మేరకు తప్పు కాదు. వాటిని ఒక్కటిగా కలిపి పైకి నివేదిక పంపాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది బయటపడుతుంది. రెండు బ్యాంకులు విలీనమైతే ఈ చిక్కు రెట్టింపు అవుతుంది.

వ్యవస్థల మధ్య ఉన్న ఖాళీలను సాధారణంగా ఎక్సెల్ షీట్లు పూడుస్తాయి. ఆ షీట్లకు అధికారిక యజమాని ఉండడు. 2020లో ఇంగ్లండులో జరిగింది దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడి ప్రయోగశాలలు పంపిన కోవిడ్ ఫలితాలను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ పాత తరహా ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించేది. ఆ ఫైల్లో 65,536 వరుసలకు మించి పట్టవు. నిండిన తర్వాత వచ్చినవన్నీ చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. వారితో కలిసి తిరిగినవారిని గుర్తించే పని ఆ మేరకు ఆలస్యమైంది. పంపినవి ఎన్ని, చేరినవి ఎన్ని అని రెండు చివర్ల అంకెలు పోల్చే బాధ్యత ఒకరికి అప్పగించి ఉంటే ఇది మొదటి రోజే తెలిసిపోయేది.

## బ్యాంకులకు 2008 చూపించినది

2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు, దానితో లావాదేవీలున్న పెద్ద బ్యాంకులకు అత్యవసరంగా ఒక అంకె కావాల్సి వచ్చింది: లేమన్ నుంచి మనకు రావాల్సింది మొత్తం ఎంత? చాలా బ్యాంకులు వెంటనే చెప్పలేకపోయాయి. లేమన్ అంటే ఒక కంపెనీ కాదు, అనేక దేశాల్లో రిజిస్టరైన వేలాది అనుబంధ సంస్థల గుంపు. వాటి పేర్లు ఒక్కో బ్యాంకు వ్యవస్థలో ఒక్కో రకంగా నమోదై ఉన్నాయి. వాటిని కలిపి చూపే ఉమ్మడి గుర్తింపు సంఖ్య అప్పటికి లేదు.

దాన్నుంచి రెండు మార్పులు వచ్చాయి. ఒకటి లీగల్ ఎంటిటీ ఐడెంటిఫయర్. ప్రపంచంలో ఎక్కడ రిజిస్టరైన సంస్థకైనా 20 అక్షరాంకెలతో ఒకే గుర్తింపు. మన దేశంలోనూ రూ.5 కోట్లు, ఆపైన బ్యాంకు అప్పులున్న కంపెనీలు, సంస్థలు దాన్ని తీసుకోవాలని రిజర్వు బ్యాంకు దశలవారీగా తప్పనిసరి చేసింది. రెండోది బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే బాసెల్ కమిటీ 2013 జనవరిలో ప్రకటించిన 14 సూత్రాలు. బ్యాంకింగ్ వర్గాలు వీటిని బీసీబీఎస్ 239 అని పిలుస్తాయి. రిస్కు నివేదికలోని ప్రతి అంకె ఎక్కడ పుట్టిందో, ఏ దారిలో వచ్చిందో చూపగలగాలి, సంక్షోభ సమయంలోనూ వేగంగా లెక్క తేల్చగలగాలి, బోర్డు దీనికి బాధ్యత వహించాలి అన్నవి వాటి సారం. ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు కీలకమైన పెద్ద బ్యాంకులకు 2016 జనవరి వరకు గడువిచ్చారు.

గడువు దాటి ఏడేళ్లకు పైగా గడిచాక, 2023 నవంబరులో బాసెల్ కమిటీ తన సమీక్షను విడుదల చేసింది. పరిశీలించిన 31 బ్యాంకుల్లో అన్ని సూత్రాలనూ పూర్తిగా పాటిస్తున్నవి రెండే. ఇవి డబ్బుకు, నిపుణులకు కొరత ఉన్న సంస్థలు కావు. నియంత్రణ సంస్థల ఒత్తిడి లేదనీ అనలేం. అయినా పని పూర్తికాలేదంటే, అడ్డు సాంకేతికతలో లేదనే అనుకోవాలి.

సిటీ బ్యాంకు ఉదంతం ఈ సంగతిని ఇంకా స్పష్టం చేస్తుంది. రిస్కు నిర్వహణ, డేటా పాలన, అంతర్గత నియంత్రణల్లో దీర్ఘకాలంగా లోపాలున్నాయంటూ 2020 అక్టోబరులో బ్యాంకులను పర్యవేక్షించే అమెరికా కరెన్సీ కంప్ట్రోలర్ కార్యాలయం ఆ బ్యాంకుకు 40 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. నాలుగేళ్లు కావస్తుండగా, 2024 జులైలో అదే కార్యాలయం 7.5 కోట్ల డాలర్లు, ఫెడరల్ రిజర్వు 6 కోట్ల డాలర్లకు పైగా మళ్లీ జరిమానా విధించాయి. డేటా నాణ్యతలో చెప్పినంత పురోగతి లేదన్నదే కారణం. దశాబ్దాల పాటు విలీనాలతో పెరిగిన సంస్థలో పాత వ్యవస్థలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. ఒక అంకెను దిద్దితే, దాన్ని వాడుకునే అనేక నివేదికలు మారతాయి. ఆ నివేదికల మీద ఆధారపడిన విభాగాలు ఒప్పుకోవాలి. కాలం ఎక్కువగా కరిగేది ఈ ఒప్పించే దశలోనే.

ఈ పనిలో గణనీయమైన భాగం హైదరాబాద్, బెంగళూరుల్లో విదేశీ బ్యాంకులు పెట్టుకున్న కేంద్రాల్లో జరుగుతోంది. ఒక అంకె ఏ టేబుల్ నుంచి ఏ టేబుల్‌కు వెళ్తుందో మ్యాపింగ్ రాసేవారు, నాణ్యత నియమాలను పరీక్షించేవారు ఇక్కడుంటారు. తప్పు కనిపెట్టేది ఇక్కడ. నిర్వచనం మార్చే అధికారం ఉన్నవారు ఉండేది న్యూయార్క్‌లోనో లండన్‌లోనో. ఈ దూరమూ ఆలస్యానికి ఒక కారణమే.

## ధరణి: తలుపు మూస్తే ఏమవుతుంది

డేటా పాలన అంటే బ్యాంకుల వ్యవహారమే అనుకోనక్కర్లేదు. తెలుగు నేల మీద అత్యంత పెద్ద ఎత్తున జరిగిన డేటా పాలన ప్రయోగం భూమి రికార్డులది.

తెలంగాణలో 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. కొన్ని నెలల్లోనే రాష్ట్రమంతటా రికార్డులను సరిచూసి, వివాదం లేని భూములను పార్ట్-ఏలో, వివాదం ఉన్నవాటిని పార్ట్-బీలో చేర్చారు. 2018 మే నుంచి రైతుబంధు చెల్లింపులు ఈ డేటా ఆధారంగానే జరిగాయి. 2020లో కొత్త పట్టాదారు పాసు పుస్తకాల చట్టం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. గ్రామ రెవెన్యూ అధికారుల పోస్టులు రద్దయ్యాయి. రెవెన్యూ కోర్టులు పోయాయి. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు చేతికి వచ్చింది.

దీని వెనక ఉన్న ఆలోచన అర్థమయ్యేదే. పహాణీలో (గ్రామ భూమి రికార్డులో) పేరు మార్చడానికి, విస్తీర్ణం తగ్గించడానికి, పెంచడానికి కింది స్థాయిలో లంచాలు నడిచేవన్నది పాత ఫిర్యాదు. కాబట్టి మార్చే అధికారాన్నే తీసేస్తే తారుమారుకు ఆస్కారం ఉండదని భావించారు. వివాదం లేని భూమి విషయంలో ఇది నిజంగా ఫలించింది కూడా. రిజిస్ట్రేషన్ జరిగిన వెంటనే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) పూర్తయ్యేది. అంతకుముందు నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి అది చిన్న మేలేమీ కాదు.

అయితే పోర్టల్లోకి ఎక్కిన డేటాలో తప్పులుంటే వాటి గతేమిటన్న ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు. ప్రక్షాళనలో భూమిని కొలవలేదు, కాగితాలను సరిచూశారు. నిజాం కాలం నాటి సర్వే మీద దశాబ్దాల క్రయవిక్రయాలు, పంపకాలు, సాదా బైనామాలు (రిజిస్టరు కాని తెల్లకాగితపు కొనుగోలు ఒప్పందాలు) పేరుకుని ఉన్నాయి. ఒక సర్వే నంబరు అసలు విస్తీర్ణం సేత్వార్‌లో (మూల సర్వే రికార్డులో) ఒక అంకె ఉంటే, ఆ నంబరులోని పాసు పుస్తకాల విస్తీర్ణాలన్నీ కలిపితే అంతకంటే ఎక్కువ వచ్చిన చోట్లు ఎన్నో. భాగాల మొత్తం అసలును మించకూడదన్నది ఏ డేటాబేసుకైనా మొట్టమొదటి నియమం. నేల మీద కొలిచి పరిష్కరించాల్సిన ఈ తేడాను కంప్యూటర్లో తేల్చడం కుదరదు. కాబట్టి ముందు నమోదైనవారికి భూమి దక్కింది, మిగిలినవారు పాసు పుస్తకం లేకుండా ఉండిపోయారు.

సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వ భూమి అయినా మొత్తం నంబరునే రిజిస్ట్రేషన్లు కుదరని 22-ఏ నిషేధిత జాబితాలో పెట్టిన సందర్భాలు ఉన్నాయి. సొంత పట్టా భూమిని అమ్ముకోలేక, పిల్లల పెళ్లికో చదువుకో అవసరమైనా అప్పు పుట్టక రైతులు ఇబ్బంది పడ్డారు. అనుభవదారు కాలమ్ కొత్త రికార్డులో లేదు. దాంతో సాగు చేస్తున్న మనిషి ఎవరన్న సమాచారమే వ్యవస్థ నుంచి తొలగిపోయింది. ఏ కాలమ్ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది సాంకేతిక నిర్ణయంలా కనిపిస్తుంది కానీ, ఎవరి హక్కు లెక్కలోకి వస్తుందో తేల్చేది అదే. సాదా బైనామాల క్రమబద్ధీకరణకు 2020లో దరఖాస్తులు తీసుకున్నా, కొత్త చట్టంలో వాటికి చోటు లేక అవి ఆగిపోయాయి.

ధరణిలో పేరులో అక్షర దోషమైనా తహసీల్దారుకు దిద్దే అధికారం ఉండేది కాదు. పోర్టల్లో తగిన మాడ్యూల్ ఎంచుకుని దరఖాస్తు చేయాల్సి వచ్చేది. అది కలెక్టరు దాకా వెళ్లాల్సి ఉండేది. ఒక్కో రకం సమస్యకు ఒక్కో మాడ్యూల్ చేర్చుకుంటూ పోగా, ఏ సమస్యకు ఏది వాడాలో సామాన్యుడికి తెలియని స్థితి వచ్చింది. కలెక్టరు తిరస్కరిస్తే అప్పీలుకు పై అధికారి ఉండేవారు కాదు. సివిల్ కోర్టే దిక్కయ్యేది. కుంట భూమి తేడా కోసం సివిల్ దావా వేయడం చిన్న రైతుకు అయ్యే పని కాదు.

2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం ఈ నమూనాను వెనక్కి తిప్పింది. దిద్దుబాటు అధికారాలను తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు స్థాయుల మధ్య పంచింది. అప్పీళ్లను తిరిగి తెచ్చింది, భూమి ట్రిబ్యునళ్లకు వీలు కల్పించింది. పోర్టల్ నిర్వహణ అంతకుముందే, 2024 చివర్లో, ప్రైవేటు సంస్థ నుంచి నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్‌కు మారింది. రెండు చట్టాల మధ్య అసలు తేడా ఈ అధికారాల అమరికలోనే ఉంది. పోర్టల్ పేరు మారడం దానితో పోలిస్తే చిన్న విషయం.

ఆంధ్రప్రదేశ్ ఇందుకు భిన్నంగా 2020 డిసెంబరులో రీసర్వేతో మొదలుపెట్టింది. డ్రోన్లతో, ఉపగ్రహ ఆధారిత పరికరాలతో భూమిని కొత్తగా కొలిచింది. అంటే ధరణిలో లోపించిన కొలత ఇక్కడ ఉంది. అయినా ఒకే ల్యాండ్ పార్సెల్ మ్యాపులో పలువురు రైతులను ఉమ్మడిగా చూపడం, పాత విస్తీర్ణానికి, కొత్త విస్తీర్ణానికి తేడా రావడం వంటి ఫిర్యాదులు పెద్ద సంఖ్యలో వచ్చాయి. వాటి కోసం తర్వాత ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టాల్సి వచ్చింది. పరికరం ఎంత కచ్చితమైనదైనా, కొలత వేసిన రోజు రైతు పొలంలో ఉన్నాడా, అభ్యంతరం చెబితే నమోదైందా అన్నవి పాలనకు సంబంధించినవే.

## ఒకే పేరు, ఇద్దరు మనుషులు

ధరణిలో సమస్య ఒకే డేటాబేసుకు సంబంధించినది. అనేక డేటాబేసులను కలిపినప్పుడు వచ్చే సమస్య ఇంకో రకం. తెలంగాణ ప్రభుత్వం రూపొందించిన సమగ్ర వేదిక వివిధ శాఖల రికార్డులను పేరు, చిరునామా వంటి వివరాలతో పోల్చి, ఇవన్నీ ఒకే వ్యక్తివా కాదా అని తేలుస్తుంది. కారు ఉన్నవారు, ఆదాయ పన్ను కట్టేవారు ఆహార భద్రత కార్డు పొందుతున్నారేమో పట్టుకోవడం దాని ఉపయోగాల్లో ఒకటి.

తెలుగువారి పేర్ల విషయంలో ఈ పోలిక ఎంత కష్టమో ఏ కార్యాలయంలో పనిచేసేవారికైనా తెలుసు. ఒక రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరోదానిలో ఒక్క అక్షరం. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో అరడజను రకాలుగా రాస్తారు. పెళ్లయిన స్త్రీ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉండవచ్చు. మహమ్మద్ అన్న పేరుకు సంక్షిప్త రూపాలు ఇంకెన్నో. ఊళ్లో సగం మందికి ఒకే ఇంటిపేరు ఉండటమూ మామూలే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నందుకు అమెరికా వీసా మీద సొంత పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడి, అక్కడికి వెళ్లాక బ్యాంకు నుంచి లైసెన్సు దాకా అన్నిచోట్లా వివరణ ఇచ్చుకునే తెలుగువారు ఉన్నారు. పేరును రెండు ముక్కలుగా చూసే నమూనాను ఇక్కడి పేర్ల మీద మోపడం వల్ల వచ్చిన చిక్కు అది.

కాబట్టి ఇలాంటి వ్యవస్థ నూటికి నూరుపాళ్లు సరిపోలాలని పట్టుబట్టదు. ఎంత దగ్గరగా ఉంటే ఒకరే అనుకోవాలన్న హద్దు ఒకటి పెట్టుకుంటుంది. హద్దు సడలిస్తే వేర్వేరు మనుషులు ఒకరైపోతారు. బిగిస్తే ఒకే మనిషి ఇద్దరుగా మిగులుతాడు. మార్కెటింగ్ మెసేజ్ పంపేటప్పుడు మొదటి రకం తప్పు జరిగితే నష్టం పెద్దగా లేదు. బియ్యం కార్డు రద్దు చేసేటప్పుడు అదే తప్పు ఒక కుటుంబం తిండి మీద పడుతుంది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరును, దాదాపు అదే పేరున్న ఓ కారు యజమాని పేరుతో వ్యవస్థ కలిపేయడంతో ఆ ఇంటికి కార్డు దక్కని ఉదంతం పత్రికల్లో వచ్చింది. ఆ హద్దు ఎంత ఉండాలో ఎవరు నిర్ణయించారు, క్షేత్ర పరిశీలన లేకుండా యంత్రం ఫలితాన్నే తుది నిర్ణయంగా ఎందుకు తీసుకున్నారు అన్నవి అక్కడ తలెత్తిన ప్రశ్నలు. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ముందు నోటీసు ఇచ్చి, జవాబు విని, తర్వాత రద్దు చేయాల్సిన క్రమం తలకిందులు కావడమే ఈ వ్యవహారం అంతదూరం వెళ్లడానికి మూలం.

ఇలాంటి నియమాలు కంటికి కనబడకుండా చాలాచోట్ల ఉంటాయి. ఆధార్ ఆధారంగా ప్రభుత్వం వేసే డబ్బు, ఆ ఆధార్‌కు ఆఖరున లింకయిన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అని చూపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మ్యాపర్‌లో ‘చివరిదే చెల్లుతుంది’ అన్న నియమం అలా పనిచేస్తుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా ఆఖరున లింకై ఉంటే, డబ్బు పడినా లబ్ధిదారుకు తెలియదు. అది ప్రోగ్రామర్ పెట్టిన చిన్న షరతులా కనిపించినా, ఎవరి డబ్బు ఎక్కడికి వెళ్తుందో నిర్ణయిస్తోంది.

## యజమాని, సంరక్షకుడు, కాపలాదారు

పెద్ద కంపెనీలు ఇప్పుడు మూడు పాత్రలను విడదీసి చూస్తున్నాయి. డేటా ఓనర్ అంటే ఆ డేటాను పుట్టించే వ్యాపార విభాగం అధిపతి. నిర్వచనం ఆయనది, నాణ్యతకు జవాబూ ఆయనదే. డేటా స్టీవార్డ్ రోజువారీ తప్పులను గమనించి దిద్దించే వ్యక్తి. ఐటీ విభాగం కాపలా మాత్రమే కాస్తుంది. చాలా సంస్థల్లో ఈ పట్టిక కాగితం మీద ఉంటుంది, ఓనర్‌గా పేరున్న అధికారికి ఆ సంగతి గుర్తుండదు. నాణ్యత లక్ష్యాలు అతని వార్షిక మదింపులో లేకపోతే గుర్తుండాల్సిన అవసరమూ కలగదు. చీఫ్ డేటా ఆఫీసర్ పదవి సృష్టించి, ఆయనకు బడ్జెట్ మీదా, విభాగాధిపతుల మీదా అధికారం ఇవ్వకపోవడం ఇంకో తరహా వైఫల్యం.

మార్పు అధికారం విషయంలో బ్యాంకుల్లో మొదటి నుంచీ ఉన్న మేకర్-చెకర్ పద్ధతి ఇప్పటికీ నమ్మదగినదే. ఒకరు మార్పును ప్రతిపాదిస్తారు, మరొకరు ఆమోదిస్తారు. పాత విలువ చెరిగిపోదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చారో నమోదై ఉంటుంది. తారుమారును ఆపడానికి మార్పును నిషేధించాల్సిన పని లేదు, మార్పు జాడను చెరిపే వీలు లేకుండా చేస్తే చాలు. ధరణి మొదటి దారి పట్టింది. రెండో దారి పట్టి ఉంటే కింది స్థాయిలో దిద్దుబాటు సాగుతూనే అక్రమాలూ పట్టుబడేవి.

కేంద్రీకరణ ఎంతవరకు అన్న చర్చ కూడా ఇక్కడే వస్తుంది. అంతా ఒకేచోట పెడితే ప్రమాణాలు ఒక్కటిగా ఉంటాయి కానీ, స్థానికంగా తెలిసినవారు దూరమవుతారు. విభాగాలకే వదిలేస్తే పాత గందరగోళం మిగులుతుంది. గుర్తింపు సంఖ్యలు, నిర్వచనాలు, భద్రత కేంద్రంలో ఉంచి, విలువల బాధ్యతను పుట్టినచోటే ఉంచే మధ్యేమార్గం వైపు చాలా సంస్థలు మొగ్గుతున్నాయి. భూ భారతి అమరిక కూడా ఇంచుమించు ఇలాంటిదే.

## కొత్త చట్టం ఎంతవరకు సాయపడుతుంది

డేటా రక్షణ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం తాను సమ్మతించి ఇచ్చిన డేటాలోని తప్పును దిద్దమని అడిగే హక్కు వ్యక్తికి ఉంది. ఫిర్యాదును సంస్థ గరిష్ఠంగా 90 రోజుల్లో పరిష్కరించాలని నిబంధనలు చెబుతున్నాయి. ప్రభుత్వానికి 17వ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి. చెరిపివేత హక్కు ప్రభుత్వానికి వర్తించదు. దిద్దుబాటు విషయంలో మాత్రం తేడా పెట్టారు. ఆ వ్యక్తి మీద ప్రభావం చూపే నిర్ణయం కోసం డేటాను వాడుతుంటే, దిద్దమని అడిగే హక్కు ప్రభుత్వం మీదా నిలుస్తుంది. రేషన్ కార్డు, పింఛను వంటివి ఈ కోవలోకే వస్తాయి. ప్రత్యేక నోటిఫికేషన్ ద్వారా కొన్ని ప్రభుత్వ సంస్థలను పూర్తిగా మినహాయించే అధికారం కేంద్రానికి ఉన్నా, అది దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలకే పరిమితం. సంక్షేమ శాఖలకు ఈ చట్టం తెచ్చే మార్పు ఎక్కువమంది గుర్తించినదాని కంటే పెద్దది.

దిద్దుబాటు హక్కును అమలు చేయాలంటే సంస్థకు ముందు తెలియాల్సింది ఆ డేటా ఎక్కడెక్కడ ఉందన్నది. మూలంలో దిద్దిన పేరు, ఆరు నెలల క్రితం కాపీ చేసుకున్న మరో శాఖలో పాతదిగానే మిగిలిపోతే ప్రయోజనం లేదు. ఏ డేటా ఎవరికి వెళ్లిందో చూపే లినియేజ్ పటం బ్యాంకుల్లోనే అసంపూర్తిగా ఉందని పైన చూశాం. ప్రభుత్వ శాఖల్లో, మధ్యతరహా ఆసుపత్రుల్లో, విద్యాసంస్థల్లో ఆ పని మొదలే కాలేదనుకోవచ్చు. కృత్రిమ మేధ నమూనాలకు సంస్థ డేటాను అందించే ధోరణి పెరుగుతున్నందున, చెడు డేటా నుంచి నిర్ణయానికి పట్టే సమయం కూడా తగ్గిపోతోంది. అంటే తప్పు పట్టుకోవడానికి దొరికే వ్యవధీ తగ్గుతోంది.

దిద్దుబాటును నిజంగా పనిచేయించే నమూనా మన దేశంలోనే ఒకటుంది. క్రెడిట్ రిపోర్టులో తప్పుందని ఖాతాదారు ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో పరిష్కరించాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున ఫిర్యాదుదారుకే పరిహారం చెల్లించాలి. రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఇచ్చిన ఈ ఆదేశం 2024 ఏప్రిల్ చివరి వారం నుంచి అమల్లో ఉంది. ఇందులో మెచ్చుకోదగినది బాధ్యతను విడగొట్టిన తీరు. సరిచేసిన సమాచారాన్ని బ్యాంకు 21 రోజుల్లో, ఆ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ బ్యూరోకు పంపకపోతే పరిహారం బ్యాంకు భరించాలి. బ్యాంకు సకాలంలో పంపినా మిగిలిన రోజుల్లో బ్యూరో మార్చకపోతే బ్యూరో భరించాలి. తప్పు మాది కాదంటే మాది కాదని ఒకరి మీద ఒకరు నెట్టుకునే అవకాశాన్ని ఇది చాలావరకు తీసేసింది.

డేటా రక్షణ చట్టంలో ఇలాంటి ఏర్పాటు లేదు. దాని కింద వసూలైన జరిమానాలు భారత సంచిత నిధికి వెళ్తాయి. డేటా విషయంలో అజాగ్రత్త వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలన్న ఐటీ చట్టంలోని 43-ఏ సెక్షన్‌ను తొలగించే ఏర్పాటు కూడా ఈ చట్టంలోనే ఉంది. రికార్డులో తప్పు వల్ల పింఛను ఆగిన వృద్ధురాలికి ఈ చట్టం 90 రోజుల గడువును, డేటా రక్షణ బోర్డుకు వెళ్లే దారిని ఇస్తోంది. ఆగిన నెలల డబ్బు గురించి అందులో ఏమీ లేదు. రాష్ట్రాలు తమ సంక్షేమ పథకాల నిబంధనల్లో క్రెడిట్ బ్యూరోల తరహా గడువును, పరిహారాన్ని చేర్చుకోవడానికి కేంద్ర చట్టం అడ్డు రాదు. 2027 మేలోపు ఆ పని చేయడానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు భూమి రికార్డులు, రేషన్ కార్డుల అనుభవమే తగినంత ఆధారం.